1999 మారుతి 800: పదిహేను వేల బడ్జెట్‌లో ట్యూనింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

కొర్లగుంట మాస్టారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా మామగారు వాడి మాకిచ్చిన 1999 నాటి మారుతి 800 ఏసీ బండి మా ఇంట్లో ఉంది. కార్బ్యురేటర్ ఇంజిన్, నాలుగు గేర్లు, ఏపీ 03 నంబరు. 2024లో ఆర్సీ రెన్యువల్ అయింది కనుక 2029 వరకు కాగితాల చింత లేదు. రోజూ తిరుపతి కొర్లగుంట నుంచి రేణిగుంట వైపు బడికి వెళ్లి రావడం, వీలున్నప్పుడల్లా భాకరాపేట కనుమ మీదుగా మదనపల్లెలో ఉన్న అమ్మానాన్నలను చూసి రావడం, ఇదే దీని పని.

కొంతకాలంగా ఉదయం చోక్ (చల్లటి ఇంజిన్‌కు పెట్రోలు పాలు పెంచే మీట) పూర్తిగా లాగితే తప్ప బండి స్టార్ట్ కావడం లేదు. స్టార్టయ్యాక కూడా చాలాసేపటి వరకు చోక్ వెనక్కి తోస్తే ఆగిపోతోంది. లీలామహల్ సర్కిల్లో సిగ్నల్ పడి నిలబడితే స్టీరింగూ డ్యాష్‌బోర్డూ వణుకుతున్నాయి. లీటరుకు పదహారు కిలోమీటర్లు ఇచ్చే బండి ఇప్పుడు పన్నెండు దాటడం లేదు. కనుమ ఎక్కేటప్పుడు ఏసీ వేస్తే టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. ఇదివరకే వేడెక్కుతోందని ఒక మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) తీసేసి, ఈ ఎండలకు అది అక్కర్లేదన్నారు.

ముగ్గురికి చూపిస్తే మూడు మాటలు చెప్పారు. ఇంజిన్ దించి బోరింగ్ (అరిగిన సిలిండర్లను తొలిచి సరిచేయడం) చేయాలని ఒకరు, కార్బ్యురేటర్ కొత్తది వేయాలని మరొకరు, సీఎన్‌జీ కిట్ పెట్టించుకుంటే గొడవే ఉండదని ఇంకొకరు అన్నారు. పదిహేను వేలకు మించి ఖర్చు పెట్టగలిగే స్థితి కాదు. ముందు దేని మీద పెట్టాలో తెలిసినవారు చెప్పగలరు.

చిత్తూరు పాత గ్యారేజీ

సార్, చిత్తూరులో చాలా ఏళ్లు ఈ బండ్ల మీదే పని చేశాను కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. మీకు చెప్పిన ముగ్గురిలో ఒక్కరైనా కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి, చూశారా? చూడకుండా బోరింగ్ అన్నవారి మాటకు విలువ ఇవ్వనక్కర్లేదు.

ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మూడు ప్లగ్గులూ విప్పి, కాయిల్ వైరు తీసి పక్కన పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి సెల్ఫ్ కొడుతూ ఒక్కో సిలిండర్‌కు గేజ్ పెట్టి చూడమనండి. బ్యాటరీ నిండుగా లేకపోతే రీడింగ్ తప్పు వస్తుంది. మూడు అంకెలూ దగ్గరదగ్గరగా ఉంటే బోరింగ్ సంగతి మరచిపోవచ్చు. ఒకటి బాగా తక్కువ వస్తే ఆ సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే రింగులు అరిగాయని, పెరగకపోతే వాల్వు సరిగా కూర్చోవడం లేదని అర్థం. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో తక్కువ వస్తే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. అరగంట కూడా పట్టని ఈ పరీక్షకు అయ్యే ఖర్చు, ఇంజిన్ దించడానికి అయ్యే కూలిలో ఏ మూలకూ రాదు.

ఆ తరువాత ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్న సందు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, మాన్యువల్లో చల్లటి ఇంజిన్‌కు ఇచ్చిన కొలత ప్రకారం ఫీలర్ గేజ్‌తో పెట్టాలి. ట్యాపెట్ శబ్దం వినిపిస్తే ఓనర్లకు నచ్చదని చాలామంది మెకానిక్‌లు వాటిని బిగించేస్తారు. ఇంజిన్ నిశ్శబ్దంగా ఉంటుంది, ఓనరు సంతోషిస్తాడు, ఎగ్జాస్ట్ వాల్వు మాత్రం పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. కొద్దిగా టకటకమనే ఇంజిన్‌తో వచ్చే నష్టం కన్నా ఇది చాలా పెద్దది.

మూడోది ఇగ్నిషన్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటు. ప్లగ్గు మొన లేత గోధుమ రంగులో ఉంటే మంట సరిగా ఉన్నట్టు. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. తెల్లగా ఉంటే గాలి ఎక్కువైనట్టు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో సీబీ పాయింట్లు (కరెంటును కలిపి తెంపే ముక్కలు) ఉన్న బండి అయితే వాటి గ్యాప్ కూడా చూడాలి. ఇక్కడ ఎవరూ చూడనిది ఒకటుంది. డిస్ట్రిబ్యూటర్ పక్కన గుండ్రటి డబ్బా ఒకటి ఉంటుంది, అదే వ్యాక్యూమ్ అడ్వాన్స్. కార్బ్యురేటర్ వైపు నుంచి దానికి వచ్చే సన్న గొట్టాన్ని ఊడదీసి నోటితో గాలి పీల్చి, గొట్టం చివర నాలుక అడ్డుపెట్టండి. లోపలి పొర బాగుంటే చివర నాలుకకు అతుక్కుని నిలుస్తుంది, క్యాప్ తీసి చూస్తే లోపలి ప్లేటు కదలడం కనిపిస్తుంది. గాలి హాయిగా వచ్చేస్తుంటే పొర చిరిగినట్టే. అప్పుడు బండి పరుగులో ఉన్నప్పుడు టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) ముందుకు జరగదు కనుక మైలేజీ పడిపోతుంది. ఆ దారిన లెక్కలో లేని గాలి లోపలికి పోతే ఇంజిన్ నడక కూడా చెడుతుంది. బ్రేక్ బూస్టర్ గొట్టం, మేనిఫోల్డ్‌కు తగిలించిన మిగతా రబ్బరు గొట్టాలు పగిలాయేమో కూడా అదే పూట చూసేయాలి. సిగ్నల్లో వణుకుకు అవీ కారణమవుతాయి. ఇవన్నీ సరిచేశాకే టైమింగ్ లైట్‌తో టైమింగ్ పెట్టించండి. చెవితో విని పెట్టేవాళ్లలో నేర్పరులు లేకపోలేదు గానీ, లైటు ఉన్న గ్యారేజీ దొరికితే అక్కడికే వెళ్లండి.

కార్బ్యురేటర్ అన్నిటికన్నా చివర. మనవాళ్లు ట్యూనింగ్ అనగానే ముందు తిప్పేది గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే దాని మిక్చర్ స్క్రూనే. పై మూడూ సరిగా లేనప్పుడు ఆ స్క్రూ ఎంత తిప్పినా ఒక లోపాన్ని మరొక లోపంతో కప్పినట్టవుతుంది. కార్బ్యురేటర్ విప్పి, జెట్లు గాలితో శుభ్రం చేసి, గ్యాస్కెట్లు, నీడిల్ వాల్వు మార్చి, ఫ్లోట్ లెవెల్ సరిచేస్తే కొత్తదానితో పని పడదు. తరువాత బండిని పొల్యూషన్ పరీక్ష చేసే చోటికి తీసుకెళ్లి, ఖాళీగా ఉన్న వేళ చూసుకుని, సైలెన్సర్‌లో గొట్టం పెట్టి ఉంచమని అడగండి. ఐడిల్‌లో (బండి నిలబడి ఇంజిన్ తిరుగుతుండగా) కార్బన్ మోనాక్సైడ్ అంకె చూస్తూ మెకానిక్ చేత స్క్రూ కొద్దికొద్దిగా తిప్పించాలి. బీఎస్-2 కాలుష్య ప్రమాణాలకు ముందు తయారైన మీ బండికి చట్టం ఇచ్చిన హద్దు 3 శాతం. నేను మాత్రం ఒకటిన్నర, రెండు మధ్య నిలిపేవాణ్ణి. పరీక్ష చేసేవాళ్లకు టీ డబ్బులు ఇచ్చినా ఇంతకన్నా చవకైన ట్యూనింగ్ యంత్రం దొరకదు.

సీఎన్‌జీ ఊసు ఎత్తకండి. సుమారు 650 కిలోల బండి డిక్కీలో సిలిండర్ బరువు, పైగా కనుమ దారి. కిట్ ఖర్చు కూడా మీ బడ్జెట్‌లో పట్టదు.

పలమనేరు ప్రయాణికుడు

పెద్దాయన చెప్పినదానికి నేను కలపవలసింది థర్మోస్టాట్ సంగతే. మొగిలి ఘాట్‌లో రోజూ తిరిగే మా దగ్గర కూడా దాన్ని తీసి పారేయడం అలవాటుగా మారింది. మీరు చెప్పిన ఉదయపు బాధలో పెద్ద వాటా దానిదేనని నా అభిప్రాయం. థర్మోస్టాట్ లేకపోతే స్టార్ట్ చేసిన క్షణం నుంచే నీళ్లు రేడియేటర్ గుండా తిరుగుతాయి, ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, అంతవరకు చోక్ లాగి ఉంచాల్సి వస్తుంది, పెట్రోలు వృథా అవుతుంది. కొర్లగుంట నుంచి రేణిగుంటకు ఉన్న దూరంలో మీ ఇంజిన్ సరైన వేడికి చేరేలోపే బడి వచ్చేస్తుంది.

అది లేకపోయినా కనుమలో బండి వేడెక్కుతోందంటే తప్పు వేరే చోట ఉంది. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన రేడియేటర్ సన్న గొట్టాలలో కుండ అడుగున పేరుకున్నట్టు తెల్లటి గార పేరుకుంటుంది. రేడియేటర్ విప్పించి శుభ్రం చేయించి, కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి నింపాలి. రేడియేటర్ మూత రబ్బరు గట్టిపడి ఉంటే ఒత్తిడి నిలవదు, నీళ్లు త్వరగా మరుగుతాయి; మూత మార్చడం చిన్న ఖర్చే. బండి నిలిపి ఇంజిన్ నడుస్తుండగా ఫ్యాన్ తనంతట తాను తిరుగుతోందా, ఏసీ వేయగానే తిరుగుతోందా అన్నది చూడండి. కొత్త థర్మోస్టాట్ కొన్నాక బిగించే ముందు నీళ్ల గిన్నెలో దారంతో వేలాడదీసి స్టవ్ మీద పెట్టండి. గిన్నె అడుక్కి తగలకూడదు. నీళ్లలో బుడగలు లేస్తున్న దశలో, సుమారు ఎనభై డిగ్రీలు దాటాక, మధ్యలోని వాల్వు మెల్లగా పైకి లేవాలి, చల్లారితే మూసుకోవాలి. లేవనిదాన్ని దుకాణంలో మార్పించుకోండి.

దిగేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో దిగేవాళ్లను చూస్తుంటాను. ఇంజిన్ ఆగితే బూస్టర్‌కు వ్యాక్యూమ్ అందదు, రెండు మూడుసార్లు తొక్కాక బ్రేక్ పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. ఎక్కిన గేరులోనే దిగాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక రెండేళ్లకొకసారి మార్చాలి; తేమ చేరిన ఆయిల్ ఘాట్‌లో వేడికి మరిగితే బ్రేకులు అందవు.

కరకంబాడి రోడ్డు

మైలేజీ గురించి ఒక లెక్క. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ లేని పాత పెట్రోలుకు తయారై 10 శాతం ఇథనాల్‌కు సరిచేసిన కార్లలో దీనివల్ల మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలో ఉంది. మీ బండిలో పదహారు పన్నెండు అయిందంటే పడిపోయింది 25 శాతం. కాబట్టి నెపమంతా పెట్రోలు మీద వేసి ఊరుకోవడం కుదరదు. అయితే కార్బ్యురేటర్ బండిలో గాలి, పెట్రోలు పాళ్లను తనంతట తాను సరిచేసుకునే సెన్సార్ లేదు కనుక, ఇథనాల్ పెరిగేకొద్దీ మిశ్రమం పలచబడుతుంది. మిక్చర్‌ను ఇప్పుడు పోస్తున్న పెట్రోలుతోనే పెట్టించడం అందుకే ముఖ్యం. పాత రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపులోని పొర ఇథనాల్‌కు మెత్తబడి ఉబ్బుతాయి లేదా పగుళ్లిస్తాయి. ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా గొట్టాలన్నీ మార్పించండి. వేడి ఇంజిన్ మీద పెట్రోలు చుక్క పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. వేసవి సెలవుల్లో బండిని వారాల తరబడి నిలిపి ఉంచకండి, ఇథనాల్ తేమను లాగుతుంది.

సామాన్లు ఇంకా బాగానే దొరుకుతున్నాయి. తలుపు హ్యాండిల్, లైట్ల అద్దాలు, సీటు పట్టాల వంటివి చెన్నై పుదుపేటలో సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకోవచ్చు. బ్రేకులకు, స్టీరింగ్‌కు సంబంధించినవి మాత్రం అక్కడ కొనకండి. బ్యాటరీ పాతదైతే సెల్ఫ్ బలంగా తిరగక స్టార్టింగ్ బాధ ఇంకా పెరుగుతుంది. మన కరకంబాడిలోనే తయారవుతున్నాయి కనుక దానికి ఎక్కడికీ పోనక్కర్లేదు.

కొర్లగుంట మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. కంప్రెషన్ మూడు సిలిండర్లలోనూ దాదాపు సమానంగా వచ్చింది. వ్యాక్యూమ్ అడ్వాన్స్ పొర చిరిగి ఉంది, మార్చాము. రెండు ట్యాపెట్లు మరీ బిగుతుగా ఉన్నాయి. సిగ్నల్లో వణుకు చాలావరకు తగ్గింది. కార్బ్యురేటర్, రేడియేటర్ పనులు ఈ వారంలో చేయిస్తాను. ఇంకా కొంత డబ్బు మిగిలేలా ఉంది. ఇంజిన్ వాల్వులను నడిపే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో మామగారికి గుర్తులేదు. దాన్ని మార్చాలా, టైర్లు ముందా?

చిత్తూరు పాత గ్యారేజీ

టైర్లలో గాట్లు, పగుళ్లు లేకుండా అరుగుదల గుర్తు ఇంకా పైనే ఉంటే బెల్టే ముందు సార్. ఎప్పుడు మార్చారో తెలియని బెల్టును రేపు తెగేదానిగానే లెక్కపెట్టాలి. బెల్టుతో పాటు దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగ్ కూడా మార్పించండి. విప్పే కూలి ఒకటే. లోపల ఆయిల్ తడి కనిపిస్తే క్యామ్, క్రాంక్ ఆయిల్ సీళ్లు కూడా వేయించాలి, లేదంటే ఆయిల్ తగిలి కొత్త బెల్టు కూడా పాడవుతుంది. బెల్టు మార్చాక టైమింగ్ లైట్‌తో మరొకసారి చూపించి, ఆ తరువాతే కార్బ్యురేటర్ పని పెట్టుకోండి.

ఇంకొకటి, 2025 ఆగస్టులో కేంద్రం ఇరవై ఏళ్లు దాటిన కార్ల ఆర్సీ రెన్యువల్ రుసుమును 5,000 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. 2029కి ఆ డబ్బు ఇప్పటి నుంచే నెలనెలా కొంత పక్కన పెట్టుకోండి.