గ్రామప్రియ పెట్టలు: గుడ్డు పెంకు పలచబడిపోతా ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

అల్లూరు పెరడు (ప్రశ్న)

పెరట్లో 14 గ్రామప్రియ (గుడ్ల కోసం పెరట్లో పెంచే మేలుజాతి) పెట్టలు ఉండాయి, వయసు 40 వారాలు. నెల కిందటి దాకా పెంకు బాగానే ఉండె. ఇప్పుడు రోజూ వచ్చే 9, 10 గుడ్లలో రెండు మూడు చేత్తో తీసేటప్పుడే నొక్కుకుపోతా ఉండాయి. పొద్దున గూట్లో తోలుగుడ్డు (గట్టి పెంకు లేని మెత్తటి గుడ్డు) కూడా కనపడతా ఉంది. మేత: పొద్దున కోడికి 40 గ్రాముల లేయర్ మేష్ (గుడ్ల కోళ్ల తయారీ మేత), సాయంత్రం వడ్లు, నూకలు, తవుడు కలిపి 60 గ్రాములు. నీళ్లు బోరువి, కొంచెం ఉప్పన. వారం నుంచి పొద్దునపూట కాల్షియం టానిక్ నీళ్లలో పోస్తా ఉండా, తేడా లేదు. అదే దొడ్లో తిరిగే నాటుపెట్టల గుడ్లు మాత్రం గట్టిగానే ఉండాయి. మేతా, ఎండలా, జబ్బా?

మేత లెక్క (జవాబు)

ముందు మేత లెక్క వేయండి. గుడ్డు పెంకులో రెండు గ్రాముల పైచిలుకు కాల్షియం ఉంటుంది. తిన్నదంతా ఒంటికి పట్టదు కాబట్టి రోజూ గుడ్డు పెట్టే కోడికి 3.5 నుంచి 4 గ్రాములు లోపలికి పోవాలి. మీ 40 గ్రాముల మేష్‌లో, కాల్షియం 3.5 శాతం అనుకున్నా, వచ్చేది 1.4 గ్రాములే. వడ్లు, నూకల్లో దాదాపు ఏమీ లేదు. తవుడులోని ఫైటేట్ అనే పదార్థం ఉన్న కాస్త కాల్షియాన్నీ పట్టేసుకుంటుంది. ఆ లోటును కోడి తన ఎముకల్లోంచి తీసి పూడుస్తుంది. నెలల తరబడి బాగున్నట్టే కనిపించి ఒక్కసారిగా పెంకు పలచబడేది అందుకే. ఇట్లాగే వదిలేస్తే కాళ్లు పడిపోతాయి. నాటుపెట్ట ఏడాదికి పెట్టేదే 50, 60 గుడ్లు, మధ్యలో పొదుగు. దానికి ఈ అప్పు పడదు.

టానిక్ పనిచేయకపోవడానికి సగం కారణం వేళ. పెంకు పోసుకోవడానికి దాదాపు 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రి, కోడి మేత ముట్టని వేళ. పొద్దున తాగింది అప్పటికి ఉండదు. సముద్రపు గుల్ల ముక్క అయితే కందనకాయలో నిలబడి తెల్లవార్లూ మెల్లగా కరుగుతుంది. పొడి చేసి మేతలో కలిపితే ఆ లాభం పోతుంది, చాలామంది చేసే తప్పు ఇదే.

మైపాడు ఒడ్డునో కొత్తపట్నం ఒడ్డునో ఖాళీ గుల్లలు ఏరుకొచ్చి, రెండు మూడుసార్లు మంచినీళ్లు మార్చి నానబెట్టి ఉప్పు పోగొట్టండి. ఎండబెట్టి రోట్లో దంచి జల్లించండి. 2 నుంచి 4 మిల్లీమీటర్ల ముక్క కావాలి, జొన్నగింజ దాటకూడదు. కోడికి 6 గ్రాముల లెక్కన మీకు రోజుకి 85 గ్రాములు. మేతలో కలపొద్దు. సాయంత్రం నాలుగింటికి విడిగా ఒక మూకుడులో పెడితే ఎవరికి కావలసింది వాళ్లు ఏరుకుంటారు. మేష్ 70 గ్రాములకు పెంచి తవుడు ఆపండి. వారం పది రోజుల్లో తేడా తెలియాలి.

తీరం నీళ్లు (జవాబు)

నా అనుమానం నీళ్ల మీద. మేతలో కాల్షియం సరిపోయినా ఉప్పునీళ్లు పెంకును పలచబరుస్తాయి, ఎందుకంటే పెంకు పోసే చోటికి పెంకుకు కావలసిన బైకార్బొనేట్ అందడం తగ్గిపోతుంది. అంతే ఉప్పు మేతలో తింటే ఇంత చేటు లేదు, నీళ్లలో కరిగినదే దెబ్బతీస్తుంది. 14 కోళ్లు ఈ ఎండల్లో రోజుకి 5, 6 లీటర్లు తాగుతాయి. 20 లీటర్ల మంచినీళ్ల క్యాను మూడు రోజులు వస్తుంది, ఖర్చు పెద్దదేం కాదు. కాకపోతే నీళ్లు మార్చిన మర్నాడే పెంకు గట్టిపడుతుందని చూడకండి.

మారిందీ లేనిదీ చేతి అంచనాతో తేల్చొద్దు. లీటరు నీళ్లలో 125 గ్రాముల పొడి ఉప్పు పూర్తిగా కరిగించి, ఆ రోజు పెట్టిన గుడ్లు అందులో వేయండి. మునిగితే పెంకు బాగున్నట్టు, తేలితే పలచన. వారానికోసారి ఎన్ని తేలాయో రాసుకోండి. పాతబడిన గుడ్డు పెంకు ఎట్లా ఉన్నా తేలుతుంది, ఈ పరీక్షకు పనికిరాదు.

ఎండ సంగతి కూడా ఉంది. నోరు తెరిచి రొప్పే కోడి బొగ్గుపులుసు వాయువును ఎక్కువగా వదిలేస్తుంది, దాంతో రక్తం క్షారం వైపు తిరిగి పెంకుకు కావలసిన సరుకు తగ్గుతుంది. మేష్ తెల్లవారుజామున ఐదింటికి ఒక వాయి, పొద్దుగూకేముందు ఒక వాయి. మధ్యాహ్నానికి లీటరుకి గ్రాము వంటసోడా, అదీ మంచినీళ్లలోనే. మీ బోరు నీళ్లలో కలిపితే ఉప్పు మీద ఉప్పు.

అల్లూరు పెరడు

రొయ్యల గుంటకు తెచ్చిన డోలమైట్ (సున్నపురాయి లాంటి రాతిపొడి) బస్తా ఇంట్లో ఉంది, గుల్ల బదులు అది వాడొచ్చునా? సున్నపు తేట తాపమని కూడా ఒకరు చెప్పారు.

మేత లెక్క

రెండూ వద్దు. డోలమైట్‌లో మెగ్నీషియం ఎక్కువ. రెట్ట పలచబడుతుంది, పెంకు ఇంకా చెడుతుంది. సున్నపు తేటలో లీటరుకి గ్రాము కాల్షియం కూడా కరగదు, కోడి తాగే 300, 400 మిల్లీలీటర్లలో వచ్చేది ఎంతని? ఇక సున్నం ముద్ద అయితే నోరూ కంఠమూ కాలతాయి. పచ్చి గుల్ల వేరు, కాల్చిన గుల్లసున్నం వేరు, పేరు చూసి మోసపోవద్దు. రొయ్య తలకాయల పొడి కొద్దిగా ఫర్వాలేదు, కానీ అందులోనూ ఉప్పుంటుంది. నీళ్ల సంగతి తేలేదాకా ఆపండి.

ఒంగోలు గిత్త (జవాబు)

జబ్బు గురించి ఎవరూ చెప్పలేదు. గుడ్డు మీద ముడతలు, తెల్లసొన నీళ్లలాగా కారడం, కోళ్ల తుమ్ములు కలిసి ఉంటే ఐబీ (ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే శ్వాస జబ్బు) అనుకోవాలి. కోళ్లు హుషారుగానే ఉండి పెంకు గోధుమరంగు వెలిసిపోయి, తోలుగుడ్లు వచ్చి, గుడ్ల సంఖ్య ఒక్కసారిగా పడిపోతే ఎగ్ డ్రాప్ సిండ్రోమ్ అనే వైరస్ జబ్బు. అది బాతుల నుంచి వస్తుంది, కోసిన మళ్లల్లోకి బాతుల మందలు దిగే ఊళ్లలో గుర్తుంచుకోవాల్సిన మాట. దానికి మందు లేదు, గుడ్డుకు రాకముందు వేసే టీకానే. మీకు 14 కోళ్లకు 9, 10 గుడ్లు నిలకడగా వస్తున్నాయి కాబట్టి ఆ అనుమానం తక్కువ. సంఖ్య సగానికి పడితే మాత్రం పశువైద్యశాలకు పోండి.

ఈలోగా తోలుగుడ్డు పగిలిన చోట వెంటనే బూడిద చల్లి ఎత్తేయండి. రుచి మరిగిన పెట్ట మంచి గుడ్లను కూడా పొడుస్తుంది, ఆ అలవాటు మాన్పించడం పెంకు గట్టిపరచడం కంటే కష్టం.