ఇసుకలో 42 కిలోమీటర్లు: నీళ్లు, ఉప్పు లెక్క ఎలా?

మాది అనంతపురం జిల్లా కణేకల్లు. జైసల్మేర్ దగ్గర ఎడారిలో జరిగే ఒక చిన్న మారథాన్‌కు పేరు ఇచ్చాను. రోడ్డు మీద 42.195 కిలోమీటర్లు రెండుసార్లు పూర్తి చేశాను కానీ ఇసుకలో ఇదే మొదటిసారి. సాధనకు వేదవతి ఒడ్డున బొమ్మనహాళ్ వైపు ఉన్న ఇసుక దిబ్బలకు వెళ్తున్నాను. ఎడారి కోసం మేము రాజస్థాన్ దాకా పోనక్కర్లేదు లెండి!

పోయిన ఆదివారం ఉదయం పది గంటల ఎండలో 14 కిలోమీటర్లు పరుగెత్తాను. నాలుగు లీటర్ల నీళ్లు తాగాను. అయినా తల తిరిగింది, వేళ్లు ఉబ్బి ఉంగరం ఊడిరాలేదు, చొక్కా మీద ఉప్పు తెల్లగా చారలు కట్టింది. ఉత్త నీళ్లే ఎక్కువగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుందని, అది ప్రాణానికే ముప్పని తర్వాత చదివాను. అప్పటి నుంచి భయం పట్టుకుంది.

గంటకు ఎంత తాగాలో మీరు ఎలా తేల్చుకుంటారు? పరుగుకు ముందూ తర్వాతా బరువు చూసుకుంటే సరిపోతుందా? ఓఆర్‌ఎస్ మంచిదా, ఉప్పు వేసిన మజ్జిగ చాలా? మజ్జిగ ఆ ఎండకు సీసాలో పులిసిపోతుందేమో. ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి రెండు వారాలు చాలంటారు, నిజమేనా? బూట్లలోకి ఇసుక దూరకుండా ఏం కడతారు? ఇసుకలో పరుగెత్తినవాళ్లు చెప్పండి. మా అమ్మ సలహా ఒకటే: మానుకోమని.