పనమ్మాయి థ్రిల్లర్లు: 1960 కొరియన్ సినిమా ముందా, 2010దా?

ప్రశ్న: దర్శకుడు కిమ్ కి-యంగ్ తీసిన ‘ద హౌస్‌మెయిడ్’ (1960), దాని 2010 రీమేక్. ఏది ముందు చూడాలండీ? ఇంట్లోనే ఉండే పనమ్మాయి కథల్లో భయం ఎక్కణ్ణుంచి పుడుతుందో తెలుసుకోవాలని.

జవాబు: 1960దే, సందేహం లేదు. అందులో ఇంటివాళ్లు కోటీశ్వరులు కారు. ఫ్యాక్టరీ అమ్మాయిలకు సంగీతం నేర్పే మాస్టారు, కుట్టుమిషను దగ్గరే కూర్చునే భార్య, కొత్తగా రెండంతస్తుల ఇల్లు. ఆ ఇంటికోసం కష్టపడే ఆవిడ నీరసించిపోతుంది, అందుకే పనమ్మాయి వస్తుంది. ఎలుకల మందు ఏ అల్మారాలో ఉందో దర్శకుడు ముందే చూపించేస్తాడు. ఇక ఎవరు గ్లాసుతో నీళ్లు తెచ్చినా మన గుండె జారుతుంది. దాచిపెట్టి ఉలిక్కిపడేలా చేయడం కన్నా ఇదే గట్టి పద్ధతి. మెట్ల మీద ఎవరు పైన, ఎవరు కింద ఉన్నారో గమనిస్తూ ఉండండి.

జవాబు: ఇమ్ సాంగ్-సూ రీమేక్‌లో బలం తిరగబడింది. అక్కడ ఇంటివాళ్లు మహా సంపన్నులు, భయపడాల్సింది పనమ్మాయే. అందులో పాత పనావిడగా చేసిన యూన్ యో-జాంగ్, కిమ్ ఇదే కథను మార్చి 1971లో తీసిన ‘వుమన్ ఆఫ్ ఫైర్’లో పనమ్మాయి! మూడూ వరసగా చూస్తే ఆ నటన విలువ తెలుస్తుంది.

జవాబు: ఒక్క మాట. 1960 సినిమాలో కొంతసేపు బొమ్మ మసకబారితే నెట్‌ను అనుమానించకండి. అసలు నెగటివ్‌లో రెండు రీళ్లు పోయాయి. చేత్తో రాసిన ఇంగ్లీషు సబ్‌టైటిళ్లున్న ప్రింటు నుంచి వాటిని తీసుకుని, 2008 పునరుద్ధరణలో ఆ అక్షరాలను చెరిపారు.