బుడమేరు పక్కనే మళ్లీ గోడౌన్ అంటున్నారు, డైరెక్టర్‌గా నా బాధ్యత ఎంత?

మాది విజయవాడలో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, డైరెక్టర్లందరం ఇంట్లోవాళ్లమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ గోడౌన్‌లో కింది వరస మిర్చి బస్తాలన్నీ నాని, నల్లగా బూజు పట్టిపోయాయి. ఇప్పుడు మా బాబాయి అద్దె తక్కువని అదే ఏరియాలో ఇంకోటి తీసుకుందామంటున్నారు, పైగా బీమా కూడా తగ్గిద్దామట! 2013 కంపెనీల చట్టం 166వ సెక్షన్‌లో వాతావరణ మార్పు అని విడిగా లేదు గానీ, డైరెక్టర్ తగిన జాగ్రత్త, నైపుణ్యం చూపాలని ఉంది, తప్పితే లక్ష నుంచి 5 లక్షల దాకా జరిమానా. 134 ప్రకారం బోర్డు రిపోర్టులో రిస్క్ మేనేజ్‌మెంట్ పాలసీ గురించి రాయాలి, మా దాంట్లో ఏటా అదే పేరా, వరద అన్న మాటే ఉండదు, సంతకం మాత్రం నాది.

ఒకసారి మునిగిన చోటే మళ్లీ సరుకు పెడితే, తెలిసీ చేశారని రేపు నన్నూ పట్టుకుంటారా? బోర్డు మీటింగ్ మినిట్స్‌లో నా అభ్యంతరం రాయిస్తే సరిపోతుందా, లేక ఇంకేమైనా చేయాలా? కంపెనీ సెక్రటరీలు (సీఎస్‌లు), లాయర్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి, బాబాయితో గొడవ పడకుండా తేలే దారైతే ఇంకా మేలు.