ఇంగ్లండు పల్లెలో పాత ఇల్లు: కొనేముందు సర్వే ఎవరిచేత చేయించాలి?

అడిగినవారు:

అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండుకు వచ్చి రెండేళ్లు కావస్తోంది. వారానికి రెండు రోజులే ఆఫీసుకు వెళ్లే ఉద్యోగం కావడంతో, పట్నానికి దూరంగా ఒక పల్లెలో సుమారు 1850 ప్రాంతంలో కట్టిన రాతి ఇల్లు చూశాము. ధర కుదిరింది, బ్యాంకువారి వాల్యుయేషన్ పూర్తయింది, అప్పు కూడా మంజూరయింది. వేరుగా సర్వే చేయించుకుంటారా అని లాయరు అడిగారు. అమ్మకపు ఏజెంటు మాత్రం, నూట డెబ్బై ఏళ్లు నిలిచిన ఇల్లు రేపు పడిపోతుందా అని నవ్వేశారు. సర్వే అంటే గొలుసు పట్టి హద్దులు కొలవడమనే నాకు తెలుసు. ఇక్కడ దాని అర్థమేమిటో, దానికి డబ్బు పెట్టవచ్చో లేదో అనుభవమున్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మొదటి జవాబు:

నమస్కారం. మీ ఇంటికి సర్వే అవసరమే, ఆ విషయంలో నాకు సందేహం లేదు. అయితే దాన్ని ఎవరిచేత చేయిస్తారన్నది అంతకంటే పెద్ద ప్రశ్న కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు చేయించే సర్వేలో గొలుసూ ఉండదు, హద్దురాళ్లూ ఉండవు. కట్టడాల పని తెలిసిన సర్వేయరు ఒకరు వచ్చి, పైకప్పు నుంచి నేల దాకా కంటికి అందినంత మేర పరిశీలించి, ఏది ఏ స్థితిలో ఉందో మీకు నివేదిక రాసి ఇస్తారు. హద్దుల సంగతి లాయరుతో తేల్చుకోవలసినది. భూముల రిజిస్ట్రీ వారి పటంలో ఇంటి చుట్టూ ఎర్రగీత ఒకటి కనిపిస్తుంది గానీ, అది సాధారణంగా హద్దును స్థూలంగానే చూపిస్తుంది. మన సర్వే నంబరు పటంలాగా దాని మీద కొలతలు రాసి ఉంటాయనుకుని కంచె దగ్గర పక్కింటివారితో వాదనకు దిగకండి.

బ్యాంకువారి వాల్యుయేషన్‌నే సర్వే అనుకోవడం కొత్తగా వచ్చినవారిలో చాలామంది చేసే పొరపాటు. దాని రుసుము మీరే కట్టి ఉన్నా, అది మీ కోసం జరిగినది కాదు. మీరు వాయిదాలు కట్టలేని రోజు వస్తే ఈ ఇల్లు అమ్మి తమ బాకీ రాబట్టుకోగలమా అన్న ఒక్క ప్రశ్నకే అది జవాబు. కొన్నిసార్లు మనిషి గుమ్మం తొక్కకుండానే, చుట్టుపక్కల అమ్మకాల ధరలు చూసి, కంప్యూటరు ముందే ఆ పని ముగిస్తారు. ఇక ఏజెంటు అమ్మేవారి తరఫు మనిషి. ఇల్లు నూట డెబ్బై ఏళ్లు నిలిచిందన్న ఆయన మాట నిజమే, కానీ అన్నేళ్లూ దానికి ఎవరో ఒకరు ఏదో ఒక మరమ్మతు చేస్తూ వచ్చారు. పాత ఇళ్లలో తొలినాడు కట్టినవారి తప్పుల కంటే, గత యాభై అరవై ఏళ్లలో మరమ్మతు పేరుతో చేసిన తప్పులే ఎక్కువగా బాధిస్తాయని నా అనుభవం. మీరు సర్వేయరుకు డబ్బు ఇచ్చేది ముఖ్యంగా ఆ మరమ్మతులను చదివి పెట్టడానికి.

ఇంగ్లండు, వేల్సులలో కట్టడపు లోపాలను వెతికి పట్టుకునే భారం కొనేవారి మీదే ఉంటుంది. సంతకం చేసిన కాంట్రాక్టులను అమ్మేవారూ కొనేవారూ ఒకరితో ఒకరు మార్చుకునే రోజు వరకు ఇరుపక్షాలలో ఎవరూ కట్టుబడి ఉండరు. మార్చుకున్న తరువాత వెనక్కి తగ్గితే, సాధారణంగా ధరలో పదో వంతుగా ఉండే డిపాజిట్టు పోగొట్టుకోవలసి వస్తుంది. కాబట్టి సర్వే, దానిమీద వచ్చే అనుమానాలు, వాటి పరిష్కారం, అన్నీ ఆ రోజుకు ముందే ముగియాలి. స్కాట్లండులో పద్ధతి వేరు, అక్కడ 2008 డిసెంబరు నుంచి చాలా ఇళ్లకు అమ్మేవారే ఇంటి స్థితిని తెలిపే హోమ్ రిపోర్టు సిద్ధం చేయించాలి. అక్కడున్న స్నేహితుల సలహా మీకు వర్తించకపోవచ్చు.

ఆర్.ఐ.సి.ఎస్. అని పిలిచే రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ చార్టర్డ్ సర్వేయర్స్ 1868లో మొదలైన వృత్తి సంస్థ. దాని సభ్యులు చేసే ఇంటి సర్వేలు మూడు స్థాయిలలో ఉంటాయి. మొదటిది కొత్తగా కట్టిన మామూలు ఇళ్లకు. రెండోది, పాతకాలం పేరు హోమ్‌బయర్ రిపోర్టు, సాధారణ పద్ధతిలో కట్టి ఓ మోస్తరుగా ఉన్న ఇళ్లకు. మూడోదాన్ని బిల్డింగ్ సర్వే అంటారు, పాతవాటికీ, విపరీతంగా మార్పులు చేసినవాటికీ అదే తగినది. మీకు మూడోదే కావాలి. రెండోదానికీ మూడోదానికీ కొన్ని వందల పౌండ్ల తేడా ఉంటుంది, ఇంత పెద్ద కొనుగోలులో దాని దగ్గర పొదుపు చేయకండి.

ఇప్పుడు గోడల సంగతి. మీ ఇంటి గోడలు బహుశా అడుగున్నర, రెండడుగుల మందాన రాతితో, సున్నపు అడుసుతో కట్టినవై ఉంటాయి. మన పాత మేడలు గానుగ సున్నంతో కట్టినట్టే అనుకోండి. ఆ కాలపు ఇళ్లలో సాధారణంగా నేల తడి పైకి రాకుండా ఆపే పొర ఉండదు, రెండు వరుసల గోడల మధ్య ఖాళీ కూడా ఉండదు. వానకు గోడ కొంత తడుస్తుంది, ఎండకూ గాలికీ సున్నపు పూతలోంచి ఆ తడి ఆవిరై పోతుంది. తడవడం, ఆరడం అనే ఈ రెండింటి మధ్య సమతూకమే ఆ ఇంటిని ఇన్నేళ్లు నిలబెట్టింది. ఇరవయ్యో శతాబ్దంలో ఎవరో బాగుచేద్దామనుకుని రాళ్ల సందులను సిమెంటుతో నింపి, బయట సిమెంటు పూత పూసి, లోపల ప్లాస్టిక్ రంగు వేస్తే, సన్నని బీటల్లోంచి లోపలికి వెళ్లిన నీరు బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. గోడలో పొదిగిన దూలాల కొనలు అప్పుడే కుళ్లడం మొదలవుతుంది.

మా ఇంట్లో ఒక గోడ మీద చెమ్మ కనబడినప్పుడు, ఉచితంగా పరీక్ష చేస్తామన్న ఒక కంపెనీ మనిషిని పిలిచాము. ఆయన రెండు సూదులున్న మీటరును గోడకు గుచ్చి, అది కీచుమనగానే, గోడ పొడవునా రంధ్రాలు వేసి మందు ఎక్కించి, పాత పూత అంతా చెక్కేసి సిమెంటు పూత పూయాలని వేల పౌండ్ల లెక్క చేతిలో పెట్టాడు. ఆ రకం మీటరును కొలత కట్టింది చెక్కలోని తేమకు; గోడ పూతలో చేరిన లవణాలకు కూడా అది మోగుతుందన్న సంగతి మాకు అప్పుడు తెలియదు. అదృష్టవశాత్తూ సంతకం చేయకముందే పాత ఇళ్లు తెలిసిన సర్వేయరు ఒకరు వచ్చి, మీటరు సంచిలోంచి తీయకముందే బయట ఇంటి చుట్టూ ఒకసారి తిరిగారు. చూరు వెంట నీటిని తీసుకుపోయే గట్టరు కీలు ఊడి, వాననీరంతా ఆ గోడ మీదికే కారుతోంది. పైగా ఎవరో పూలమొక్కల కోసం పోసిన మట్టి లోపలి నేలకంటే జానెడు ఎత్తున గోడకు ఆని ఉంది. గట్టరు బిగించి మట్టి తీయించాము. గోడ పూర్తిగా ఆరడానికి ఏడాది పట్టింది, ఓపిక తప్ప మందేమీ అవసరం కాలేదు. ఉచిత పరీక్ష చేసేవారు ఆ పరీక్షతోపాటు ఏమి అమ్ముతారో చూసి మరీ పిలవండి. పాత కట్టడాలలోని తేమను సరిగ్గా పరిశోధించే తీరు మీద 2022లో ఆర్.ఐ.సి.ఎస్., వారసత్వ కట్టడాల సంరక్షణ చూసే హిస్టారిక్ ఇంగ్లండ్, తేమ నివారణ పనులు చేసే కంపెనీల సంఘమైన ప్రాపర్టీ కేర్ అసోసియేషన్ కలిసి ఉమ్మడి ప్రకటన చేశాయి. మీరు ఎంచుకునే సర్వేయరు దాన్ని చదివి ఉన్నారో లేదో ఫోనులో అడగడం తప్పు కాదు.

నిజానికి సర్వేయరును కుదుర్చుకునే ముందు పది నిమిషాలు ఆయనతోనే మాట్లాడండి, ఆఫీసులో ఫోనెత్తిన వారితో కాదు. సున్నపు గోడల ఇళ్లు తరచుగా చూస్తారా, అటకలోకి ఎక్కుతారా, నివేదిక ఇచ్చాక ఫోనులో వివరిస్తారా అని అడగండి. ఏజెంటు సిఫారసు చేసిన పేరును మర్యాదగా పక్కన పెట్టండి. ఒక పరిమితి కూడా తెలిసి ఉండాలి: ఇల్లు ఇంకా మరొకరిది కాబట్టి సర్వేయరు తివాచీలు పూర్తిగా లేపరు, గోడకు రంధ్రాలు వేయరు, కరెంటునూ, ఇంటినీ నీళ్లనూ వేడిచేసే బాయిలరునూ చూస్తారే గాని పరీక్షించరు. అటకలో వాసాల మధ్య నురుగులాంటి పదార్థం చిమ్మి ఉంటే మాత్రం ఆయన తప్పక చెప్పాలి. అది చెక్క స్థితిని కప్పేస్తుంది, తడిని బంధిస్తుంది, చాలా బ్యాంకులు అలాంటి ఇంటికి అప్పు ఇవ్వడానికి వెనుకాడతాయి.

రెండో జవాబు:

గోడల గురించి పెద్దవారు చెప్పిన తరువాత నేను కలపవలసింది నేల కింది సంగతులే. పల్లెలో చాలా ఇళ్లకు ఊరి మురుగు కాలువతో సంబంధం ఉండదు, సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. దాని నీరు నేరుగా వాగులోకో కాలువలోకో వెళ్లడం ఇంగ్లండులో 2020 జనవరి 1 నుంచి కుదరదు. అలా వెళ్తున్నట్టయితే దాన్ని మార్చే ఖర్చు ఎవరిదో అమ్మకానికి ముందే రాతపూర్వకంగా తేలాలి, లేకపోతే ఆ బరువు మీ మీద పడుతుంది. ట్యాంకు పక్కింటివారి పొలంలో ఉందేమో, అక్కడికి వెళ్లే హక్కు పత్రాలలో ఉందో లేదో కూడా చూడండి. మురుగు గొట్టాలలోకి కెమెరా పంపి చూసేవారు వేరే ఉంటారు. చెట్లు దగ్గరగా ఉన్న ఇంటికి ఆ ఖర్చు వృథా కాదు.

గ్యాసు లైను లేని ఊరైతే బాయిలరు చమురుతో నడుస్తూ ఉండవచ్చు, ఆ ట్యాంకు వయసు అడగండి. 1970కి ముందు కట్టిన ఇల్లు కాబట్టి మంచినీటి గొట్టం సీసంతో చేసినదై ఉండే అవకాశం ఉంది. పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ వాడకం ఈ దేశంలో పూర్తిగా ఆగింది 1999లో, అందుచేత ఇల్లు రాతిదే అయినా తరువాత వేసిన షెడ్డు కప్పులోనో, గదుల పైకప్పు పూతలోనో అది ఉండవచ్చు. కదిలించనంత వరకు తక్షణ భయం లేదు గాని, కదిలించే పని పెట్టుకునే ముందు తెలిసి ఉండాలి. కార్న్‌వాల్, డెవన్, డెర్బీషైర్ వంటి చోట్ల నేలలోంచి రేడాన్ అనే హానికరమైన రేడియోధార్మిక వాయువు వస్తుంది. దాన్ని సరిగ్గా కొలవడానికి మూడు నెలలు పడుతుంది కనుక, ధరలో కొంత సొమ్మును ఫలితం వచ్చేదాకా లాయరు దగ్గర నిలిపి ఉంచే ఏర్పాటు చేసుకోవచ్చు.

అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన విధంగానే మూడో స్థాయి సర్వే చేయించాము. నివేదిక అరవై పేజీలకు పైగా ఉంది, తొమ్మిది చోట్ల ఎర్ర రంగు గుర్తు ఉంది. అది చదివినప్పటి నుంచి మా ఇంట్లో ఈ కొనుగోలే వద్దంటున్నారు. ఈ ఇల్లు మంచిదా, చెడ్డదా?

మూడో జవాబు:

నివేదికలో ఆ ప్రశ్నకు జవాబు ఉండదు, ఎందుకంటే సర్వే పరీక్షలాగా పాసు, ఫెయిలు చెప్పేది కాదు. ఆకుపచ్చ రంగు అంటే ఇప్పుడు చేయవలసింది ఏమీ లేదని, కాషాయరంగు అంటే మరమ్మతు కావాలి గాని తొందర లేదని, ఎరుపు అంటే తీవ్రమైనదో, వెంటనే బాగుచేయవలసినదో, వెంటనే పరిశోధించవలసినదో అని అర్థం. చివరి మాట మళ్లీ చదవండి. మీ తొమ్మిది ఎరుపులలో కొన్ని, ఇల్లు చెడిందని కాకుండా, సర్వేయరు చూడలేకపోయారని మాత్రమే చెబుతూ ఉండవచ్చు. కరెంటు తీగలకు ఇటీవలి పరీక్ష పత్రం లేకపోయినా ఎరుపు పడుతుంది, నిజంగా కప్పు కుంగుతున్నా ఎరుపే పడుతుంది. ఈ రెండూ ఒకటి కాదు.

కాబట్టి ఇద్దరూ కలిసి కూర్చుని సర్వేయరుకు ఫోను చేయండి. ఈ ఇల్లు మీదైతే మొదటి ఏడాదిలో ఏది బాగుచేయిస్తారు, దేన్ని పదేళ్లపాటు అలాగే వదిలేస్తారు అని అడగండి. కాగితం మీద రాయడానికి జంకే మాటలు కూడా నోటితో సూటిగా చెప్పే సర్వేయర్లు చాలామంది ఉన్నారు. తరువాత ఎర్ర గుర్తులున్న వాటిలో ఎవరిని పిలవాలో తేలుతుంది: బీటలు కదులుతున్నాయన్న అనుమానముంటే స్ట్రక్చరల్ ఇంజనీరును, కరెంటుకు ఎలక్ట్రీషియన్‌ను, దూలాలలో కొయ్యపురుగు కనబడితే, ఆ పురుగు ఇంకా బతికి ఉందో ఎప్పుడో పోయిందో చెప్పగలిగిన, మందు అమ్మని మనిషిని.

ధర తగ్గించమని అడగడానికి మొహమాటపడకండి, ఇక్కడ అది మర్యాద తప్పడం కాదు. కానీ నివేదిక మొత్తం ఏజెంటుకు పంపి ఇల్లు పాతదని గోలపెడితే పని జరగదు. వారికీ ఇల్లు పాతదని తెలుసు, ధర కూడా అలాగే పెట్టారు. ఇల్లు చూసిన రోజు ఎవరి కంటికీ కనబడని రెండు మూడు లోపాలను ఎంచి, వాటికి పనివారు రాసి ఇచ్చిన అంచనాలను జతచేసి, ఆ మొత్తంలో ఇంత భాగం తగ్గించమని అడగండి.

మరొక సంగతి, ఇది సర్వేయరు కంటే లాయరు చూడవలసినది. ఆ ఇల్లు వారసత్వ కట్టడాల జాబితాలో ఉందేమో హిస్టారిక్ ఇంగ్లండ్ వారి జాలస్థలంలో వెతకండి, అది అందరికీ ఉచితం. జాబితాలో ఉంటే, వెనకటి యజమాని అనుమతి లేకుండా మార్చిన కిటికీలను తిరిగి సరిచేయమని స్థానిక కౌన్సిలు మిమ్మల్ని ఆదేశించవచ్చు, దానికి కాలపరిమితి లేదు. నివేదికలో కొత్త కిటికీలు, పడగొట్టిన గోడలు అని ఎక్కడ రాసి ఉన్నా, ఆ పేజీ నంబర్లు లాయరుకు రాసి, ఒక్కొక్కదానికీ అనుమతి పత్రం తెప్పించమనండి. ఆ పత్రాలు, ఎలక్ట్రీషియన్ నివేదిక చేతికి వచ్చే వరకు, ఎవరు ఎంత తొందర పెట్టినా, కాంట్రాక్టులు మార్చుకునే తేదీకి ఒప్పుకోకండి.