పెడల్ సైకిల్ కనిపెట్టింది మాక్‌మిలన్ అని కీ ఇచ్చారు, ఒప్పుకోవాలా?

తొక్కుడుబండి:
మా మేనకోడలు గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతోంది. కోచింగ్ సెంటర్‌లో పెట్టిన టెస్టులో "పెడల్ సైకిల్‌ను కనుగొన్నదెవరు" అని బిట్టు వచ్చింది. ఆప్షన్లు ద్రాయిస్, మాక్‌మిలన్, మిషో, స్టార్లీ. పిల్ల మిషో అని పెట్టింది. కీలో మాక్‌మిలన్, 1839 అని ఉంది, మార్కు పోయింది, పైగా నెగెటివ్ పడింది. నేను రెండు రోజులుగా ఇదే చదువుతున్నా. స్కాట్లాండ్‌లో డమ్‌ఫ్రీస్‌షైర్ వైపు కీర్ అనే ఊళ్లో కిర్క్‌పాట్రిక్ మాక్‌మిలన్ అనే కమ్మరి ఉన్న మాట నిజం. కానీ ఆయన 1839లో సైకిల్ చేశాడనడానికి ఆ కాలపు కాగితం ఒక్కటి కూడా లేదు. ఆయన పోయింది 1878లో, ఈ కథ బయటికొచ్చింది 1890లలో, తెచ్చింది జేమ్స్ జాన్‌స్టన్ అనే ఆయన, అదీ చుట్టరికం ఉన్నవాడు. అటు పారిస్‌లో, అంటే మిషో ఉన్న ఊళ్లో, 1860లలో ముందు చక్రం ఇరుసుకే క్రాంక్ (ఇరుసుని తిప్పే వంకర కాడ) బిగించి, దానికి పెడల్ పెట్టి వేలమంది కళ్లముందు తొక్కారు. ఇందులో దేన్ని నమ్మాలి చెప్పండి.

జీకే_మాస్టారు:
బాబూ, ప్రామాణిక జీకే పుస్తకాలు ఏది తీసినా మాక్‌మిలన్ అనే ఉంటుంది. పరీక్ష రాసేవాళ్లకి కావలసింది అది. పోనీ చరిత్రే కావాలంటే 1842లో గ్లాస్గో పత్రికలో వార్త వచ్చింది, డమ్‌ఫ్రీస్‌షైర్ నుంచి వచ్చిన ఒకాయన వెలోసిపేడ్ మీద గోర్బల్స్ అనే పేటలో ఫుట్‌పాత్ ఎక్కించి ఒక పిల్లకి తగిలించాడు, అయిదు షిల్లింగులు జరిమానా కట్టాడు. అది కాగితం కాదా? ఏళ్ల తరబడి పిల్లలకి ఇదే చెబుతున్నాను, ఎవరూ తప్పు పట్టలేదు.

చిన్నోడు_బెజవాడ:
మరి ద్రాయిస్ సంగతేంటండీ? 1817 అంటే అందరికంటే ముందే కదా

తొక్కుడుబండి:
@చిన్నోడు ద్రాయిస్ బండికి పెడలే లేదు తమ్ముడూ. రెండు చక్రాల మీద కూర్చుని కాళ్లతో నేలని తన్నుకుంటూ పోవడమే. 1817 జూన్‌లో మన్‌హైమ్‌లో నడిపి చూపించాడు. దానికి ఫ్రాన్స్‌లో 1818లో పెట్టిన పేరే వెలోసిపేడ్.
@మాస్టారు, మీరు చెప్పిన వార్త చదివాను. అందులో మనిషి పేరు లేదు. "జెంటిల్మన్" అని రాశారు, ఆ రోజుల్లో పల్లెటూరి కమ్మరిని అలా రాస్తారా? ఇంకోటి, ఆ బండి చక్రాలు చేత్తో క్రాంక్ తిప్పితే తిరుగుతాయని రాశారు. చేత్తో అండీ! కాలితో కాదు. రెండు చక్రాలు అని కూడా లేదు. అసలు ముడి అంతా వెలోసిపేడ్ అనే మాట దగ్గరే ఉంది, ద్రాయిస్ తన్నుడు బండినీ అదే అన్నారు, మూడు చక్రాలదీ నాలుగు చక్రాలదీ అదే అన్నారు, తర్వాత పారిస్ పెడల్ బండినీ అదే అన్నారు. బైసికిల్ అనే మాట ఇంగ్లిష్‌లో గట్టిగా వాడకంలోకి వచ్చింది 1868, 69 ప్రాంతంలో. అంతకుముందు కాగితంలో వెలోసిపేడ్ అని కనిపిస్తే దానికి పెడల్ ఉందో లేదో ఆ పేరుని బట్టి చెప్పలేం.

మాస్కో_డాక్టర్:
రష్యాలో ఎంబీబీఎస్ చేశాను, అక్కడ మామూలు సైకిల్‌ని ఇప్పటికీ వెలసిపేద్ అనే అంటారు. ఫ్రెంచివాళ్లు వెలో అంటారు. అంతే, చెప్పాలనిపించింది

కైంచీ_తొక్కుడు:
అన్నా ఒక్క మాట. మా బాపుది సైకిల్ షాపు, కాటర్ పిన్ను కొట్టుడు, ఫ్రీవీల్ విప్పుడు చిన్నప్పటిసంది చూసిన. మాక్‌మిలన్ది అని మ్యూజియంలల్ల ఉన్న బండి బొమ్మలు చూస్తే దానికి పెడల్ లేదు. ముందట రెండు కాడలు వేలాడుతయ్, వాటిని కాళ్లతోని ముందుకు ఎనకకు ఊపాలె, ఆ ఊపు పొడుగు రాడ్లతోని ఎనక చక్రం క్రాంకుకు పోతది. కాలు గుండ్రంగ తిరగది. పెడల్ అంటే కాలు తిరగాలె. తిరగకుంటే అది పెడల్ కాదు, ఖతం. ఇగ బిట్టులో "పెడల్ సైకిల్" అని అడిగి మాక్‌మిలన్ అని పెడితే అది తప్పే.

జీకే_మాస్టారు:
తిరగాలని ఎవరు చెప్పారు నాయనా? ఇంట్లో కుట్టుమిషన్ తొక్కరా? కింద పలక ముందుకీ వెనక్కీ ఊగుతుంది, చక్రం తిరుగుతుంది, దాన్ని మా ఇంట్లో పెడలే అంటాం. కాలి బలంతో నేలని తాకకుండా చక్రం తిప్పితే అది పెడలే. ఇంత చిన్నదాన్ని పట్టుకుని సాగదీస్తున్నారు.

కైంచీ_తొక్కుడు:
కుట్టుమిషన్ మీద ఎక్కి ఊరికి పోతరా మాస్టారూ? ఊపుడు వేరు, తిప్పుడు వేరు. తిప్పుడు అయితేనే తర్వాత చైన్ పెట్టి గేర్ మార్చుటానికి తొవ్వ దొరికింది. పారిస్ బండిల పెడల్ ఒక్క తిప్పు అంటే చక్రం కూడ ఒక్క తిప్పే. చక్రం మూడడుగులది అనుకుంటే తొమ్మిదిన్నర అడుగులు పోతది, అంతే. స్పీడు కావాలంటే చక్రం పెద్దగ చెయ్యాలె, అందుకే 1870లల్ల ముందు చక్రం మనిషి ఎత్తు అయింది. ఎనక చక్రానికి చైన్ పెట్టిన స్టార్లీ రోవర్ సైకిల్ 1885ల వచ్చినంక ఆ బాధ పోయింది. ఇదంతా తిప్పుడు నుంచే పుట్టింది. మాక్‌మిలన్ కాడల నుంచి ఏం పుట్టింది చెప్పుండ్రి?

పాతసామాను:
పారిస్ బండి తొక్కడం తేలికేం కాదు. కర్ర చక్రాలు, వాటికి ఇనప పట్టా, గాలి ట్యూబు లేదు (డన్‌లప్ టైరు 1888లో కదా). రాళ్లు పరిచిన రోడ్డు మీద ఒళ్లు హూనమయ్యేది, ఇంగ్లిష్‌వాళ్లు బోన్‌షేకర్ అన్నది అందుకే. బ్రేకు వేయాలంటే హ్యాండిల్‌నే మెలితిప్పాలి, దానికి చుట్టిన తాడు బిగుసుకుని వెనక చక్రం మీద ఇనప చెంచా లాంటిది ఒత్తుకునేది. అలాంటి బండ్లతోనే 1869 నవంబరులో పారిస్ నుంచి రూఆన్ దాకా 123 కిలోమీటర్ల రేసు పెట్టారు. జేమ్స్ మూర్ పదిగంటల నలభై నిమిషాల్లో చేరాడు. ఆ ఊపిరితిత్తులకి దండం పెట్టాలి.

చిన్నోడు_బెజవాడ:
సూపర్ ఇన్ఫో అన్నా 🙏

తొక్కుడుబండి:
పారిస్ అన్నా కూడా మిషో ఒక్కడే కాదు, అది నాకు ఇంకా బాధ. పియెర్ లాల్‌మా అనే కుర్రాడు, పిల్లల బండ్లు చేసే షాపులో పనివాడు, 1863 ప్రాంతంలో పారిస్‌లో పెడల్ బండి చేశానని చెప్పాడు. 1865లో అమెరికా పోయి కనెటికట్‌లో ఆన్సోనియా అనే ఊళ్లో ఇంకోటి చేసి తొక్కాడు. జేమ్స్ కారల్ అనే ఆయన డబ్బు పెడితే 1866 నవంబరు 20న పేటెంట్ వచ్చింది, నంబర్ 59,915. రెండు చక్రాల పెడల్ బండికి దొరికిన మొదటి గట్టి కాగితం అదే. డబ్బు చేసుకున్నది మాత్రం వేరేవాళ్లు. మిషోకి ఒలీవియే అన్నదమ్ముల పెట్టుబడి ఉంది, కంపెనీ పెట్టారు, మిషో తండ్రీ కొడుకులకి ఫ్రాన్స్‌లోని బార్-ల-డ్యూక్‌లో 1894లో స్మారకం కట్టారు. లాల్‌మా 1891లో బోస్టన్‌లో పోయాడు, అప్పటికి ఎవరికీ పట్టని మనిషి. మిషో కొడుకు 1861లోనే చేశాడనేది కూడా తర్వాత చెప్పుకున్న మాటే. అందుకే నేను కాగితం కాగితం అంటున్నాను. రాసి ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకోవాలి, చుట్టాలు చెప్పినవి కాదు.

కైంచీ_తొక్కుడు:
ఆగన్నా. ఇప్పటిదాంక నీ దిక్కే మాట్లాడిన, గని ఈ మాట నాకు నచ్చలే. కాయితం ఉన్నోడే చేసినట్టా? మా వాడల పోలియో వచ్చిన ఒకాయన ఉండె. మా బాపు పాత సైకిల్ రెండు కోసి, చేతులతోని తిప్పే మూడు చక్రాల బండి చేసిచ్చిండు, చైన్‌వీల్ ఛాతీ కాడికి తెచ్చి, పెడల్ రబ్బర్లు తీసి చేతిపిడులు పెట్టిండు. ఆయనకు కుడిచెయ్యికి బలం తక్కువ, అందుకని కుడి క్రాంక్ పొడుగు పెంచిండు, అది మా బాపు సొంత తెలివి. పట్నంల ఒక షాపాయన వచ్చి చూసి, కొలతలు తీసుకపోయి, అసొంటివే చేసి అమ్మి, పేపర్ల ఫొటో ఏయించుకున్నడు. మా బాపు దగ్గర ఏ కాయితం లేదు. చెప్పెటోళ్లం మేమే, చుట్టాలమే. అట్లయితే మా బాపు చెయ్యనట్టేనా?

జీకే_మాస్టారు:
ఇదే నేను మొదట్నుంచీ చెబుతున్నది. మాక్‌మిలన్ పేటెంట్ తీసుకోలేదు, అమ్ముకోలేదు. ఊళ్లో చూసినవాళ్లు చెప్పారు. పేదవాడి పనికి సాక్ష్యం ఊరే.

తొక్కుడుబండి:
మాస్టారూ, మీరు మొదట్నుంచీ చెప్పింది "పుస్తకంలో ఉంది" అని, ఇప్పుడు మాట మారుస్తున్నారు.
కైంచీ అన్నా, మీ నాన్నగారి పని అబద్ధమని నేను అనలేదు, అనను. కానీ మీరు కళ్లారా చూశారు, మీరే ఇవాళ రాస్తున్నారు. మాక్‌మిలన్ విషయంలో యాభై ఏళ్ల తర్వాత, అదీ ఫ్రాన్స్, ఇంగ్లండ్, జర్మనీ మావాడంటే మావాడని కొట్టుకుంటున్న రోజుల్లో, సాక్ష్యాలు వెతికి తెచ్చారు. మ్యూజియంలో మీరు చూసిన బొమ్మ కూడా ఆయన చేసిన బండిది కాదు, తర్వాత కట్టినవే. 1869లో స్కాట్లాండ్‌లోనే కిల్మార్నాక్‌లో థామస్ మెకాల్ అనే ఆయన అలాంటి రాడ్ల బండ్లు చేశాడు, దానికి ఆధారం ఉంది. మీ నాన్నగారి బండి ఇప్పుడు ఎక్కడైనా ఉందా? ఉంటే ఫొటో తీసి, ఏ సంవత్సరమో రాసి పెట్టండి, ఇవాళే.

కైంచీ_తొక్కుడు:
బండి ఆయన కొడుకు దగ్గరున్నది, తుప్పు పట్టింది. ఫొటో తీస్తా. గని నా మాట నేను మార్చుకోను. మాక్‌మిలన్ది పెడల్ కాదు, అది ఒకటి. కాయితం లేదు కాబట్టి చెయ్యలేదు అనుడు తప్పు, అది రెండోది. రెండూ నిజమే.

జీకే_మాస్టారు:
పెడలే.

సిరి_గ్రూప్2:
అందరూ పెద్దవాళ్లు, ఒక డౌట్ అండీ. రేపు అసలు పరీక్షలో ఇదే బిట్టు ఇవే ఆప్షన్లతో వస్తే ఏది పెట్టాలి? నాకు సెకన్లు కూడా ఉండవు అక్కడ

జీకే_మాస్టారు:
మాక్‌మిలన్ పెట్టమ్మా. మార్కు వస్తుంది.

తొక్కుడుబండి:
కీ ఏదిస్తారో ఎవరికి తెలుసమ్మా. నువ్వు మిషో పెట్టి, ప్రిలిమినరీ కీ రాగానే అభ్యంతరం పెట్టు. 1842 వార్తలో చేతి క్రాంక్ అని ఉన్న సంగతి, 59,915 పేటెంట్ సంగతి రెండూ రాయి. మా మేనకోడలు కోచింగ్ సెంటర్‌కి ఇవాళ అదే రాసిచ్చింది. ఇంకా జవాబు రాలేదు.