320 పుటల తెలుగు పుస్తకానికి పేజ్‌మేకరా, ఇన్‌డిజైనా?

గేయసేకరణ (తిరుపతి): చిత్తూరు ప్రాంతపు జానపద గేయాలను డెమీ సైజులో 320 పుటల పుస్తకంగా వేయాలని మా సాహిత్య సంఘం నిర్ణయించింది. దాదాపు ప్రతి పుటలోనూ పాదసూచికలు ఉన్నాయి. చిత్తూరు ముద్రణాలయం ఒకటి పుటలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7లో, తెలుగు ఆకారాలను రోమన్ అక్షరాల స్థానాల్లో ఉంచే ‘అను’ ఫాంట్లతో చేస్తామంటోంది. తిరుపతి డిజైనరు ఒకరు అదే పనికి అడోబీ తెచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో, ఏ కంప్యూటరులోనైనా తెలుగు తెలుగుగానే నిలిచే యూనికోడ్‌లో అయితేనే చేస్తామంటున్నారు. అనుభవజ్ఞులు దారి చూపవలసిందిగా కోరుతున్నాను.

అచ్చుగూడు (చిత్తూరు): సందేహం లేకుండా పేజ్‌మేకరే. అను అక్షరాల కుదురు, వత్తుల అమరిక తెలుగు పాఠకుడి కంటికి అలవాటైపోయాయి. ఇన్‌డిజైన్‌లో చేశామంటూ బయటి నుంచి నా దగ్గరకు వచ్చిన ఒక పెళ్లిపత్రికలో ‘శ్రీరస్తు’లోని తావత్తు విడిపోయి పక్కన పడింది. ప్లేటు వేసి, మెషిన్ ఎక్కించాక గాని అది కనబడలేదు. ఆ కాగితం, ఆ ప్లేటు, ఆ నష్టం అంతా నా మీదే పడింది.

పుటవిన్యాసం (తిరుపతి): అచ్చుగూడు గారూ, అది ఇన్‌డిజైన్ దోషం కాదు. పేరాగ్రాఫ్ మెనూలో అక్షరాన్నీ వత్తునూ కలిపి కూర్చే అడోబీ వరల్డ్-రెడీ కంపోజర్‌ను ఎంచుకోకపోతే వత్తులు అలాగే చెదురుతాయి. 2012లో వచ్చిన ఇన్‌డిజైన్ సీఎస్6 నుంచి తెలుగుకు ఆ వసతి ఉంది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, అడోబీ దాని అభివృద్ధిని ఆపింది 2004లో. అందులో పాదసూచికలకు ఏర్పాటే లేదు కనుక, ఒక పేరా పెరిగితే కింది సూచికలన్నిటినీ చేత్తో జరుపుకుంటూ పోవాలి. చేసిన మార్పును వెనక్కు తీసుకోవడానికీ ఒక్క అడుగే అవకాశం. 320 పుటల పనిని అలా నెట్టుకురావడం ఆపరేటరుకు శిక్ష.

అచ్చుగూడు (చిత్తూరు): పాదసూచికల మాట తర్వాత. వత్తు విడిపోయిందా, లేదా? నా ఆపరేటర్లు ఏ మెనూ వెతకకుండానే ‘స్త్రీ’ని, ‘లక్ష్మి’ని సరిగ్గా కూరుస్తారు.

బంగారుపాళెం పాఠకుడు: ఇన్‌డిజైన్ చందా భారమనుకుంటే పుటలు కూర్చే మరో సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6ను కూడా పరిశీలించండి. అది ఉచితం, తెలుగు వత్తులను కలిపి చూపగలదు.

పుటవిన్యాసం (తిరుపతి): మీరు వత్తు దగ్గరే ఆగిపోతే నేను అసలు విషయానికి వస్తాను. నాకు తెలిసిన రచయిత ఒకరు రెండో ముద్రణకు సిద్ధపడితే, మొదటిసారి అచ్చు వేసిన వారు ఫైలు ఇవ్వలేదు. చేతిలో ఉన్న, అనులో కూర్చిన పీడీఎఫ్ నుంచి ఒక వాక్యం కాపీ చేసి చూస్తే తెలుగుకు బదులు రోమన్ అక్షరాలు, అర్థంకాని గుర్తులు వచ్చాయి. పుస్తకమంతా మళ్లీ కంపోజ్ చేయించవలసి వచ్చింది. మీ పట్టుదల అక్షరాల అందం కోసం కాదు, వచ్చిన ఖాతాదారు మీ గడప దాటకూడదని.

అచ్చుగూడు (చిత్తూరు): అనును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయని తెలిసి కూడా నా మీద నింద వేస్తున్నారు.

పుటవిన్యాసం (తిరుపతి): మార్చాక మిగిలే తప్పులను మళ్లీ అక్షరం అక్షరం దిద్దాలి కదా. ఆ కూలి ఎవరిస్తారు?

అచ్చుగూడు (చిత్తూరు): కూలి మాట మీరే ఎత్తారు కనుక చెబుతాను. పుటకు ఇంత అని కంపోజింగ్ ధర అడిగితే ఏ ప్రచురణకర్తా ఒప్పుకోరు, దాన్ని అచ్చు ధరలో కలిపేయమంటారు. వ్రాతప్రతి చదివి, మూడు ప్రూఫులు దిద్ది, రాత్రుళ్లు కూర్చున్న నా ఆపరేటరు శ్రమకు మేము పెట్టిన ఖర్చు రెండో ముద్రణలోగాని తిరిగి రాదు. ఫైలు ఇచ్చిన మరునాడే దాన్ని పట్టుకుని అచ్చు పనులకు పేరున్న శివకాశికి వెళతారు. నేను కాపాడుకుంటున్నది ఆ శ్రమనే, దానికి సిగ్గుపడను.

పుటవిన్యాసం (తిరుపతి): ఆ శ్రమకు ధర దక్కాలన్నది న్యాయమే. కానీ ఆ ధరను రచయిత మాటలను బందీ చేసి రాబట్టడాన్ని నేను ఒప్పుకోను. కంపోజింగ్‌ను విడిగా లెక్కగట్టి, డబ్బు పుచ్చుకుని, ఫైలు అప్పగించండి.

గేయసేకరణ (తిరుపతి): ఈ గేయాలు పాడిన వారిలో చాలామంది వృద్ధులు. వారి పాటల పాఠం మళ్లీ టైపు చేయించే స్థితి రాకూడదు కనుక యూనికోడ్‌కే మొగ్గుతున్నాను, పాదసూచికల వల్ల ఇన్‌డిజైన్‌కు కూడా. కంపోజింగ్‌కు ఒక ధర, అచ్చుకు ఒక ధర వేర్వేరుగా వ్రాసి ఇవ్వవలసిందిగా ఇద్దరినీ కోరుతున్నాను. అచ్చుగూడు గారూ, ఇరవై ఫారాల (ఫారానికి పదహారు పుటలు) ముద్రణ మీ దగ్గర చేయించడానికి మాకు అభ్యంతరం లేదు.

అచ్చుగూడు (చిత్తూరు): ధర విడిగా వ్రాసి ఇస్తాను. అయితే పీడీఎఫ్ బయటి నుంచి వస్తే, మొదటి ఫారం కాగితం మీద చూసి మీ సంఘం సంతకం చేసిన తర్వాతే ప్లేటు వేస్తాను. ఆ తర్వాత వత్తు విడిపోతే ఖర్చు మీదే.